బండి ఎంత దూరం పోతుంది? ఎంతసేపట్లో నిండుతుంది?
(అమలాపురంలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పి, పెన్షను దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని స్థిరపరచింది. అందుకే ప్రతి సంవత్సరం ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు, "అయ్యా, నేను కరెంటుతో నడిచే సరుకు బండ్ల గురించి మాట్లాడతాను" అన్నాను. ఆయన నా ముఖంకేసి కాసేపు చూసి, "మనవాళ్ళకది ఎందుకండీ?" అన్నారు. ఎందుకో మనవి చేస్తాను.

మనం సంపాదించి దాచుకున్న నాలుగు రాళ్ళు ఇప్పుడు బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్లుగా ఉన్నాయి. ఇంట్లో పిల్లవాడికి ఉద్యోగం రాకపోతే మొదట చూసేది ఆ డిపాజిట్టు వైపే. చూడడంలో తప్పు లేదు. ఈ హాలులో కూర్చున్నవారిలో కనీసం పదిమంది మనవళ్ళకో, మేనల్లుళ్ళకో బండి కొనిపెట్టడానికి జామీను సంతకం చేసినవారే అని నాకు తెలుసు. నేనూ చేశాను. వెనకటికి ఒకసారి ఒక స్నేహితుడి కోసం చదవకుండా సంతకం పెట్టి మూడేళ్ళపాటు వాయిదాలు నేనే కట్టుకున్నాను. తాలూకా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఇతరుల కాగితాలు అక్షరం అక్షరం చదివిన గుమస్తాను, నా కాగితం మాత్రం చదవలేదు. అప్పటినుంచి మా ఇంటావిడ ముందు నాకు పెన్ను పట్టుకోవాలంటే భయం.

2024లో మా తమ్ముడి మనవడు వచ్చాడు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు నుంచి కాయలు, కురిడీలు బాడుగకు తోలుతుంటాడు. "తాతగారూ, డీజిలు బండి అమ్మేసి కరెంటు బండి తీసుకుంటానండి. కాగితంలో నూటయాభై కిలోమీటర్లు వస్తుందని ఉందండి. మీరు జామీను ఉంటే బ్యాంకువాళ్ళు ఇస్తామన్నారండి, ఆయ్" అన్నాడు. బ్యాంకువారు అడిగింది నా సంతకంతోపాటు నాలుగు లక్షల డిపాజిట్టు తాకట్టు కూడా. అంటే మా ఇద్దరి ముసలితనపు మందుల డబ్బు.

ఈసారి చదవకుండా సంతకం పెట్టకూడదనుకున్నాను. ఆరు వారాలు చదివాను, అడిగాను, లెక్కవేశాను. ఆ లెక్కే ఈరోజు మీ ముందు పెడుతున్నాను.

ముందు భాష తెలియాలి. కంపెనీవాళ్ళు ఏవేవో అక్షరాలు వాడతారు గాని, అదంతా మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. బ్యాటరీ 21 యూనిట్లది అంటే అది 21 యూనిట్ల కరెంటు పట్టే గాబు అన్నమాట. గాబు ఎంతది అన్నది ఒక ప్రశ్న. ఆ నీటితో ఎంత చేను తడుస్తుంది అన్నది రెండో ప్రశ్న, అదే దూరం. గాబు ఎంతసేపట్లో నిండుతుంది అన్నది మూడో ప్రశ్న, అదే ఛార్జింగు వేగం. మూడోది గాబును బట్టే కాదు, మీ ఇంటి గొట్టం లావును బట్టి కూడా ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే కాగితాలు చదవడం తేలిక.

ఇక అమెరికా సంగతి. మన ఇళ్ళలో చాలామంది పిల్లలు అక్కడ ఉన్నారు గనుక మీకూ ఆసక్తిగా ఉంటుంది. 2023 వేసవిలో మా అమ్మాయి దగ్గరకు టెక్సాస్ వెళ్ళాం. అల్లుడుగారు ఫోర్డు కంపెనీవారి ఎఫ్-150 లైట్నింగ్ అనే కరెంటు పికప్పు కొన్నారు. మనకు పికప్పు అంటే సరుకు బండి. వాళ్ళకు అది ఇంటి బండి, గుడికీ దానిమీదే, కూరలకూ దానిమీదే. ముందు అయిదుగురు కూర్చుంటారు, వెనక తొట్టి సాధారణంగా ఖాళీ. 2022 మే నెలలో అవి కొన్నవారి చేతికి రావడం మొదలైంది. పెద్ద బ్యాటరీ రకంలో 131 యూనిట్లు పడతాయి. పూర్తిగా నింపితే 515 కిలోమీటర్లు పోతుందని అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్క. రోడ్డుపక్క పెద్ద యంత్రానికి తగిలిస్తే నూటికి 15 వంతుల నుంచి 80 వంతులకు 41 నిమిషాల్లో ఎక్కుతుందని కంపెనీ చెప్పింది. అంటే నిమిషానికి రెండు యూనిట్లు. మా ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్జు కలిసి రోజుకు నాలుగు యూనిట్లు వాడతాం. మా రెండు రోజుల కరెంటు ఆ బండి నాలుగు నిమిషాల్లో తాగేస్తుంది!

అంతకంటె పెద్దవీ ఉన్నాయి. వీటన్నిటికంటె ముందుగా, 2021 సెప్టెంబరులో, రివియన్ అనే కొత్త కంపెనీ ఆర్-1-టి అనే పికప్పు అమ్మడం మొదలుపెట్టింది. అది 505 కిలోమీటర్లు. 2023 నవంబరు 30న టెస్లావారి సైబర్ ట్రక్కు బయటకు వచ్చింది. 123 యూనిట్ల బ్యాటరీ, అప్పటి లెక్క ప్రకారం 547 కిలోమీటర్లు. షెవర్లే సిల్వరాడో అయితే 200 యూనిట్లకు పైగా పట్టే గాబు. 2024 రకానికి 724 కిలోమీటర్లని లెక్కగట్టారు. తగిన యంత్రం దొరికితే పది నిమిషాల్లో 160 కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుందని కంపెనీ మాట. వినడానికి ఎంతో బాగుంది.

కాని ఒక ఆదివారం అల్లుడుగారు స్నేహితుడి ఇంటి సామాను మార్చడానికి వెనక పెద్ద తొట్టిబండి కట్టుకుని బయలుదేరారు. నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. బయలుదేరేటప్పుడు తెర మీద చూపించిన కిలోమీటర్లు చూస్తుండగానే కరిగిపోయాయి. మేము యాభై మైళ్ళు నడిస్తే, తెర మీద వంద మైళ్ళు తగ్గాయి. "బరువు లాగితే సగమే మామయ్యగారూ, ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే" అన్నారు అల్లుడుగారు. నేను జేబులోంచి చిన్న పుస్తకం తీసి వ్రాసుకున్నాను: కాగితం మీద దూరం వేరు, బరువుతో దూరం వేరు.

2025 డిసెంబరులో ఫోర్డువారు పూర్తిగా కరెంటుతోనే నడిచే ఆ లైట్నింగ్ తయారీ ఆపేస్తున్నామని, ఇకమీదట వచ్చేదాంట్లో బ్యాటరీని నింపడానికి పెట్రోలు ఇంజను కూడా పెడతామని ప్రకటించారు. ఖర్చు ఎక్కువ, ఆశించిన గిరాకీ లేదు అన్నారు. బండి చెడ్డది కాదు. నేను ఎక్కాను, చప్పుడు లేకుండా నావలా పోతుంది. కాని బరువు లాగేవాడి అవసరం ఒకటి, ఆ బండి చేయగలిగేది ఒకటి. మనం నేర్చుకోవలసింది అదే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2005 మే నెలలో టాటావారు ఏస్ అనే చిన్న బండి తెచ్చారు. మనవాళ్ళు దాన్ని ముద్దుగా ఛోటా హాథీ అన్నారు. అంతకుముందు కోనసీమ సందుల్లో కాయలు ఎడ్లబండి మీదో, రిక్షా మీదో, కాలవలో పడవ మీదో మెయిన్ రోడ్డుకు చేరేవి. ఛోటా హాథీ వచ్చాక తోటలోకే బండి వెళ్ళింది. ఆ ఏస్‌కే కరెంటు రూపం 2022 మేలో చూపించారు, 2023 జనవరిలో అమ్మకం మొదలుపెట్టారు. 21.3 యూనిట్ల బ్యాటరీ, 600 కిలోల బరువు, కాగితం మీద 154 కిలోమీటర్లు. 2024 మేలో వెయ్యి కిలోలు మోసే రకం వచ్చింది. బ్యాటరీ అంతే, కాగితం మీద 161 కిలోమీటర్లు. 2025 జూనులో ఏస్ ప్రో అని మరో చిన్నది వచ్చింది. 14.4 యూనిట్లు, 750 కిలోలు, 155 కిలోమీటర్లు. మహీంద్రావారు 2024 అక్టోబరులో జియో తెచ్చారు. పెద్ద బ్యాటరీ 21.3 యూనిట్లు, బరువు 765 కిలోల వరకు, 160 కిలోమీటర్లు, పెద్ద యంత్రం మీద గంటలో వంద కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుందన్నారు. ఆయిలర్ అనే కంపెనీ 2024లోనే 1250 కిలోలు మోసే బండి తెచ్చి, దాని పొడుగు రకానికి 200 కిలోమీటర్లు చెప్పింది.

ఈ అంకెలన్నీ పక్కపక్కన వ్రాసుకుని చూస్తే గుమస్తా బుద్ధికి ఒక సందేహం వస్తుంది. 21.3 యూనిట్లకు 154 కిలోమీటర్లు, 14.4 యూనిట్లకు 155 కిలోమీటర్లు! మన ఆఫీసులో ఇలాంటి స్టేట్‌మెంటు వస్తే ఆడిట్ అభ్యంతరం వ్రాసి వెనక్కు పంపేవాళ్ళం. రెండోది చిన్నది, తేలికది, కొత్తగా తయారైనది గనుక కొంత నిజమే కావచ్చు. కాని ఆ అంకెలు పరీక్షశాలలో, నిర్ణీత పద్ధతిలో, నిర్ణీత వేగంతో తీసినవి. బండికీ బండికీ పోల్చుకోవడానికి పనికొస్తాయి. బాడుగ ఒప్పుకోవడానికి పనికిరావు.

మనలో మాట, మనందరం టి.ఎ. బిల్లులు వ్రాసినవాళ్ళమే. క్యాంపుకు వెళ్ళిన దూరం ఎంతో, బిల్లులో వ్రాసిన దూరం ఎంతో దేవుడికీ మనకూ తెలుసు. (నవ్వులు) బిల్లులోది అబద్ధం కాదు, రూల్సు ప్రకారం లెక్కగట్టినది. కంపెనీవారి కిలోమీటర్లు కూడా అలాంటివే. రూల్సు ప్రకారం సరైనవే, సైకిలు తొక్కేవాడి కాళ్ళకు మాత్రం వేరే.

అందుచేత మనవడితో, "నాయనా, ఒకరోజు బండి అడిగి తీసుకురా. కాయలు వేసుకుని నేనూ వస్తాను" అన్నాను. షోరూమువారు ఒకరోజుకు ఇచ్చారు. ఏ కంపెనీదో చెప్పను. అప్పుడు జరిగినదాంట్లో తప్పు బండిది కాదు, మాదే. ఒలిచిన కాయ అరకిలో అటూ ఇటూ ఉంటుంది గనుక పదకొండు వందల కాయలు వేసుకున్నాం, అంటే 550 కిలోలు. అంబాజీపేట నుంచి కొత్తపేట, రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళి రావాలి. రానూ పోనూ నూటపాతిక కిలోమీటర్ల లోపు. కాగితంలో నూటయాభై ఉంది కదా అన్న ధీమా.

రాత్రి కరెంటు పోయింది. తెల్లవారి చూస్తే నూటికి 82 వంతులే ఎక్కింది. "చాలు తాతగారూ, పదండి" అన్నాడు. పోయేటప్పుడు బాగానే ఉంది. రాజమండ్రిలో కాయలు దింపేసరికి తెర మీద నూటికి 30. ఖాళీ బండి కదా, సునాయాసంగా పోతుందనుకున్నాం. హైవే ఎక్కగానే ఖాళీ బండి గదా అని మావాడు కాస్త గట్టిగా తోలాడు. జొన్నాడ దాటి గౌతమి వంతెన మీదకు వచ్చేసరికి తెర మీద 7. అప్పుడు బండి తనంతట తానే వేగం తగ్గించుకుంది. వెనక లారీలు హారన్లు, కింద గోదావరి, పక్కన నేను. డెబ్భై అయిదేళ్ళ వయసులో వంతెన మీద బండి నెట్టవలసి వస్తుందేమో అని భయపడ్డాను.

ఎలాగో రావులపాలెం చేరాం. ఫోనులో దగ్గరలో ఛార్జింగు స్టేషను ఉందని చూపించింది. వెళితే యంత్రం ఉంది, కరెంటు లేదు. దానిమీద ఎవరో తువాలు ఆరేసుకున్నారు. చివరకు నాతో పనిచేసిన ఒక మిత్రుడి ఇల్లు గుర్తొచ్చింది. రాత్రి ఏడు గంటలకు తలుపు కొట్టి, "ఏమండీ, మీ గీజరు ప్లగ్గు కాసేపు వాడుకోవచ్చా?" అని అడిగితే ఆయన నా ఆరోగ్యం బాగాలేదేమోనని కంగారుపడ్డాడు. విషయం చెప్పాక ఇల్లంతా నవ్వులు. రెండున్నర గంటలు తగిలించి ఉంచాం. ఈలోగా వాళ్ళావిడ గోంగూర పచ్చడితో భోజనం పెట్టారు. ఏడెనిమిది యూనిట్లు ఎక్కితే ఇల్లు చేరాం. కరెంటు డబ్బులు ఇవ్వబోతే మిత్రుడు పుచ్చుకోలేదు. ఆయన ఇప్పుడు ఈ హాలులోనే ఉన్నాడు. పేరు చెప్పవద్దన్నాడు. ఊళ్ళో బండ్లన్నీ వాళ్ళింటి ముందు వచ్చి నిలబడతాయట. (నవ్వులు)

ఆ రాత్రి ఇంటికి వచ్చి పుస్తకంలో వ్రాసుకున్నది ఇది. 82 వంతుల నుంచి 7 వంతుల దాకా, అంటే 75 వంతులతో, మేము నడిచినది తొంభై కిలోమీటర్ల లోపు. పూర్తిగా నింపితే నూటపది, నూటపదిహేను వస్తుంది. అందులో ఎప్పుడూ అడుగున నూటికి పదిహేను వంతులు ఉంచుకోవాలి. కాబట్టి నూటయాభై అన్న బండిని తొంభై అయిదు అని చదువుకోవాలి. కాగితం మీది దూరంలో నూటికి అరవై అయిదు వంతులు తీసుకోండి, మోసపోరు.

ఇక ఛార్జింగు వేగం. ఇందులోనే అందరూ తికమకపడేది. మన ఏస్ బండి పెద్ద యంత్రం మీద నూటికి 10 నుంచి 80 వంతులకు 105 నిమిషాలు తీసుకుంటుందని కంపెనీ చెప్పింది. ఏడు నిమిషాలకు ఒక యూనిట్టు అన్నమాట. అమెరికా బండి నిమిషానికి రెండు యూనిట్లు. దీన్ని బట్టి అమెరికా బండి ముందు మన బండి కుంటిది అనిపిస్తుంది. కాని ఆ వేగానికి కావలసిన యంత్రం ఇంటి దగ్గర ఉండదు. అక్కడైనా ఇక్కడైనా రోజూ బండి నిండేది ఇంటి ప్లగ్గు దగ్గరే.

మన ఇంటి ఏ.సి. ప్లగ్గు, 15 ఆంపియర్లది, గంటకు సుమారు మూడుంపావు యూనిట్లు ఇస్తుంది. దానికి మన చిన్న బండి తగిలిస్తే ఏడు గంటల్లో నిండుతుంది. రాత్రి తొమ్మిదికి తగిలించి పడుకుంటే తెల్లవారుజామున నాలుగుకు సిద్ధం. అదే ప్లగ్గుకు అల్లుడుగారి లైట్నింగ్ తగిలిస్తే? నలభై గంటలు! శుక్రవారం రాత్రి తగిలిస్తే ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకు నిండుతుంది. వాళ్ళు ఇంట్లో వేరే పెద్ద తీగ వేయించుకుని, గోడకు పెట్టె బిగించుకుని ఆ ఇబ్బంది తప్పించుకుంటారు.

అందుచేత నేను ఒక కొత్త కొలత పెట్టుకున్నాను. బండి నిమిషానికి ఎన్ని యూనిట్లు తాగుతుంది అని అడగను. "మనం నిద్రపోయే ఒక్కో గంటకు బండికి ఎన్ని కిలోమీటర్లు జమ అవుతాయి?" అని అడుగుతాను. మన చిన్న బండికి బరువుతో కూడా గంటకు పదిహేను కిలోమీటర్లు జమ పడతాయి. లైట్నింగ్‌కు అదే ప్లగ్గు మీద, ఖాళీగా, కాగితం లెక్కన, పదమూడు. అంత పెద్ద బండికంటె మన బుల్లి బండే నయం! గాబు చిన్నదైతే సన్న గొట్టం చాలు.

పెద్ద యంత్రం మీద నింపేటప్పుడు 80 వంతులు దాటాక ఎందుకు నెమ్మదిస్తుందని చాలామంది అడిగారు. మన బస్‌స్టాండులో రాజమండ్రి బస్సు చూడండి. మొదటి నలభైమంది ఎక్కి గబగబా కూర్చుంటారు. ఆఖరి పదిమందికి సీట్లు వెతుక్కోవాలి, సర్దుకోవాలి, కండక్టరు "లోపలికి జరగండి" అని అరవాలి. బ్యాటరీలోనూ అంతే. లిథియం కణాలకు లోపల చోటు తక్కువవుతుంది. తోసి ఎక్కిస్తే లోపలికి పోకుండా పైపైన పేరుకుని బ్యాటరీని పాడుచేస్తాయి. అందుకని బండిలోని కంప్యూటరే కరెంటు తగ్గించేస్తుంది. కాబట్టి తోవలో ఆగితే 80 వరకే నింపుకుని బయలుదేరాలి. ఆఖరి 20 వంతుల కోసం కూర్చోవడం పొద్దు దండగ.

మన కోనసీమ ఈ బండ్లకు మంచి నేల. కొండ లేదు, ఘాటు లేదు. ఎత్తు అంటే వంతెనలే. మన రోడ్ల మీద నలభై, యాభై వేగం దాటడం కష్టం. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. అందుచేత నెమ్మదిగా పోయే మన సందు రోడ్డే బ్యాటరీకి మేలు. మావాడు హైవే మీద గట్టిగా తోలి అనుభవించాడు. అమెరికా చలిదేశపు రాష్ట్రాల్లో శీతాకాలం వస్తే దూరం బాగా తగ్గిపోతుంది, ఆ బాధా మనకు లేదు.

కాని మనకు వేరే శత్రువులున్నారు. ఒకటి ఉప్పునీరు. లంక గ్రామాల్లో, తీరం పక్క ఊళ్ళలో నీరు వస్తుంది. బ్యాటరీ పెట్టె మీద ఐ.పి. 67 అని ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోకూడదని అర్థం. అరగంటే, వారం కాదు. 2022 సెప్టెంబరులో అమెరికాలో ఫ్లోరిడా తీరాన్ని ఇయాన్ తుఫాను ముంచినప్పుడు ఉప్పునీటిలో నానిన కరెంటు కార్లు కొన్ని తరవాత అంటుకున్నాయి. కాబట్టి వరద వస్తుందంటే ముందు మెరక చూసి బండి పెట్టాలి. మునిగిన బండిని ఎండబెట్టి ప్లగ్గు పెట్టకూడదు.

రెండో శత్రువు కరెంటు పోవడం. 1996 నవంబరు 6 రాత్రి మనలో ఎవరూ మరచిపోలేదు. కొబ్బరిచెట్లు వేలాదిగా విరిగిపడి, స్తంభాలు వంగిపోయి, మా వీధికి కరెంటు రావడానికి వారాలు పట్టింది. అలాంటప్పుడు ఈ బండి ఇంటి ముందు బొమ్మలా నిలబడుతుంది. టెక్సాసులో నాకు బాగా నచ్చినది ఒకటి ఉంది. ఆ లైట్నింగ్ బండి నుంచి ఇంటికే కరెంటు తీసుకోవచ్చు. 131 యూనిట్లు అంటే మాలాంటి పెన్షనరు ఇంటికి నెల రోజుల కరెంటు! నేను చూసిన మన చిన్న బండ్లలో ఆ సదుపాయం లేదు. తయారుచేసేవారు ఎవరైనా వింటుంటే, తుఫాను తీరంలో ఉన్నవాళ్ళకు రెండు ఫ్యాన్లు, ఒక లైటు నడిచే ప్లగ్గు ఇవ్వండి, పుణ్యం ఉంటుంది.

సరే, సంతకం పెట్టానా లేదా అని మీ సందేహం. పెట్టాను. కాని మావాడికి నాలుగు షరతులు చెప్పి, ఆ నాలుగూ కాగితం మీద వ్రాయించి, వాడిచేత సంతకం పెట్టించుకున్న తరవాత పెట్టాను. మొదటిది, రోజుకు తొంభై కిలోమీటర్లు దాటే బాడుగ ఒప్పుకోకూడదు. రెండోది, రాత్రి బండి మా ఇంటి ప్లగ్గు దగ్గరే పడుకోవాలి. ఇందుకోసం విద్యుత్ శాఖకు దరఖాస్తు పెట్టి ఇంటి మంజూరు లోడు పెంచించాం, కొత్త తీగ, మంచి ఎర్తు వేయించాం. మూడోది, బ్యాటరీకి కంపెనీ ఇచ్చే పూచీ అప్పు గడువుకంటె ఎక్కువ ఏళ్ళు ఉండాలి. మేము చూసినదానికి పూచీ ఏడేళ్ళు, అప్పు అయిదేళ్ళు. నాలుగోది, ప్రతిరోజు మీటరు యూనిట్లూ, నడిచిన కిలోమీటర్లూ నా పుస్తకంలో వ్రాయాలి.

2025 జనవరి నుంచి ఆ పుస్తకం నడుస్తోంది. పదకొండు నెలల సగటు చెబుతాను. నెలకు ఇరవైనాలుగు రోజులు, రోజుకు డెబ్భై అయిదు కిలోమీటర్లు. మీటరు మీద రోజుకు పదిహేడు యూనిట్లు. నింపేటప్పుడు కొంత కరెంటు వేడిగా పోతుంది గనుక బ్యాటరీలో చేరినదానికంటె మీటరు ఎక్కువ చూపిస్తుంది, అదీ లెక్కలో పట్టాలి. యూనిట్టు ఎనిమిది రూపాయలు వేసుకున్నా నెలకు మూడువేల మూడువందల లోపు. ఇదే దూరం పాత డీజిలు బండి లీటరుకు పదహారు కిలోమీటర్ల చొప్పున నడిస్తే, లీటరు వందకు దగ్గరగా ఉన్న ఈ రోజుల్లో, పదకొండు వేలు. నెలకు ఏడున్నర వేలు మిగులు. అయితే బండి ధర ఎక్కువ గనుక వాయిదా కూడా పెరిగింది. మిగులులో సగం పైగా దానికే పోతోంది. విశాఖపట్నం బాడుగలు వదులుకున్నాడు, అదీ నష్టమే. మొత్తం మీద నెలకు రెండు మూడు వేలు నికరంగా మేలు. కాగితాల్లో చూపించినంత లాభం లేదు, వీధిలో భయపెట్టినంత నష్టమూ లేదు.

2025 అక్టోబరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు ఒక పాఠం నేర్చుకున్నాం. 28 రాత్రి అది మన తీరం దాటింది. హెచ్చరిక వినగానే బండి పూర్తిగా నింపుకోవలసింది. మావాడు తోట కాయలు దింపే హడావిడిలో మరచిపోయాడు. మా వీధిలో మూడు రోజులు కరెంటు లేదు. నూటికి నలభై వంతులతో బండి చెట్టు కింద నిలబడితే, డీజిలు బండ్లవాళ్ళు కొమ్మలు, కాయలు తోలి డబ్బు చేసుకున్నారు. ఇప్పుడు ఇంటి గోడ మీద బొగ్గుతో వ్రాశాడు: "తుఫాను వార్త విన్న వెంటనే ప్లగ్గు పెట్టాలి."

మిత్రులారా, రేపు మీ మనవడు ఇలాంటి కాగితం పట్టుకు వస్తే కాదని పంపేయవద్దు, చదవకుండా సంతకమూ పెట్టవద్దు. కూర్చోబెట్టి అడగండి. రోజూ ఎంత దూరం, ఎంత బరువుతో తిరుగుతావు? కాగితం అంకెలో అరవై అయిదు వంతులు తీస్తే అది సరిపోతుందా? రాత్రి బండి ఎక్కడ పడుకుంటుంది, అక్కడ ప్లగ్గు ఎంతది? తోవలో ఆగవలసివస్తే నడుస్తున్న యంత్రం ఎక్కడుంది, స్వయంగా చూశావా? బ్యాటరీ పూచీ ముందు తీరుతుందా, అప్పు ముందు తీరుతుందా? ఈ అయిదింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన పిల్లవాడు వాయిదా కూడా తడుముకోకుండా కడతాడు. నా నమ్మకం అది.

ఆఖరుగా ఒక మాట. మొదటి వాయిదా కట్టిన రోజు మావాడు రశీదు తెచ్చి నాకు చూపించి, "తాతగారూ, మీరు పుస్తకం పెట్టమన్నప్పుడు నామోషీ అనిపించిందండి. ఇప్పుడు వేరే బండ్లవాళ్ళు వచ్చి ఆ పుస్తకం చూపించమంటున్నారండి, ఆయ్" అన్నాడు. మా ఇంటావిడ ఆ రశీదు తీసుకుని దేవుడి పటం వెనక పెట్టింది. పదకొండు రశీదులు అక్కడ ఉన్నాయి. అరవై కావాలి. మిగతా నలభైతొమ్మిదీ చూసేదాకా భగవంతుడు ఆయుష్షు ఇస్తే మళ్ళీ ఇదే వేదిక మీద మిగిలిన లెక్క అప్పజెబుతాను.